గేరు సైకిల్ పాతబడింది: బాగు చేయించాలా, మార్చెయ్యాలా?

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 42, ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. జీతం ఒక నెల ఐదో తారీఖున పడితే ఇంకో నెల ఇరవై దాటాక పడుతుందట. పెళ్లయిన మరుసటి ఏడాది, 2013లో, ముచ్చటపడి ఒక గేరు సైకిల్ కొనుక్కున్నారు. అల్యూమినియం ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు, 21 గేర్లు, ముందు షాకబ్జర్లు, రెండు చక్రాలకూ వైరుతో పనిచేసే డిస్క్ బ్రేకులు. కొన్నాళ్లు తొక్కి, బాబు పుట్టాక మూలన పెట్టి, షుగరు అంచుకొచ్చిందని డాక్టరు చెప్పాక మళ్లీ బయటికి తీశారు. ఇప్పుడు పొద్దున పూట వడ్డేపల్లి చెరువు వైపు ఒక చుట్టు వేస్తారు. ఆదివారం ఆరేడుగురు మిత్రులతో కలిసి ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కట్ట మీదుగా గానీ, ధర్మసాగర్ వైపు గానీ, ఓపికుంటే ఇనుపరాతి గుట్టల దాకా గానీ పోతారు.

సైకిల్ ఇప్పుడు మొరాయిస్తోంది. "మడికొండ దగ్గర ఎత్తు ఎక్కుతూ నిలబడి తొక్కితే చైను టక్కుమని జారుతది అన్నా. మోకాలు పోయి హ్యాండిల్‌కు కొట్టుకుంటది" అని రాశారు. పెడల్ తొక్కినప్పుడల్లా కింద కిర్రుకిర్రుమంటోంది. ముందు షాకబ్జర్లు కిందికి దిగితే పైకి రావడం లేదు. గంట తొక్కితే కుడి అరచేయి తిమ్మిరెక్కుతోంది. మిత్రులందరివీ 29 అంగుళాల చక్రాల కొత్త సైకిళ్లు. తిరుగు ప్రయాణంలో తారు రోడ్డెక్కగానే వాళ్లు ముందుకు పోతారు, ఈయన వెనకబడతారు. గుంపుగా ఫొటో దిగేటప్పుడు తన సైకిల్‌ను వెనక నిలబెడుతున్నానని కూడా రాశారు. ఆ వాక్యాన్ని ఒకసారి కొట్టేసి, మళ్లీ రాశారు.

ఇక సలహాలు. షాపతను "దీని మీద పెట్టేదంతా దండగ సార్, 45 వేలల్ల కొత్తది తీస్కోండి" అన్నాడట. గుంపులో బాగా తెలిసిన మిత్రుడు "ఫ్రేము మంచిదే, సామాను మారుద్దాం" అని ఒక చీటీ రాసిచ్చాడు: కొత్త ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే షాకబ్జర్ల జత), వైరు బదులు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు, తొమ్మిది గేర్ల సెట్టు, ట్యూబ్‌లెస్ టైర్లు, అన్నీ కలిపి 26 వేలు. ఇంట్లో ఆవిడ మాట వేరు. హైదరాబాద్‌లో ఉండే ఆమె తమ్ముడు రెండేళ్ల కింద కొని, నాలుగు రోజులు తొక్కి బాల్కనీలో పెట్టిన 29 సైకిల్‌ను 22 వేలకు ఇస్తానన్నాడు. "ఇంట్లోది ఉండంగ బయటికి ఎందుకు పోవుడు?" అని ఆవిడ. కొడుకు ఏడో తరగతి, వాడి చిన్న సైకిల్ వాడికి పొట్టిదైపోయింది. చివర ఈ పాఠకుడు అడిగింది ఒకటే: "నాకు నిజంగా అవసరమా, లేక కొత్తదాని మీద మోజా? మీరే చెప్పాలె."

తమ్ముడూ,

అన్నా అని పిలిచారు కాబట్టి నేనూ ఈ చనువు తీసుకుంటున్నాను. షాపతను మీ సైకిల్ వయసు చూశాడు. మీ మిత్రుడు తన సైకిల్‌కు ఉండి మీదానికి లేనివేమిటో చూశాడు. మీ ఆవిడ ఇంటి ఖర్చూ చూశారు, తమ్ముడి మాటా చూశారు. మీరు ఫొటో చూసుకున్నారు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి నిదానంగా చూసినవాళ్లు మాత్రం ఈ నాలుగు పేజీల్లో నాకు కనిపించలేదు.

ముందు అరిగినవీ పాతబడినవీ విడదీద్దాం. చైను, ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి), టైర్లు, బ్రేకు ప్యాడ్లు, వైర్లు, బేరింగులు అరిగే సామాను. 45 వేలు పెట్టి కొన్న సైకిల్‌కైనా అవి అరుగుతాయి, మార్చక తప్పదు. 26 అంగుళాల చక్రం, ఏడు వరసల ఫ్రీవీల్, వైరు బ్రేకు పాతబడ్డాయి, కానీ పని చేయడం మానలేదు. అరిగినదాన్ని మార్చడం రిపేరు, పాతబడినదాన్ని మార్చడం ముచ్చట. ముచ్చట తీర్చుకోవడం తప్పని నేననను. ఆ ఖర్చును రిపేరు పద్దులో రాసుకుంటేనే లెక్క తప్పుతుంది. మీ మిత్రుడి చీటీలో జరిగింది అదే. ఆ నాలుగు వస్తువుల్లో మీరు చెప్పిన కిర్రు చప్పుడుకు మందు ఒక్కటీ లేదు.

రూపాయి ఖర్చు పెట్టకముందు ఫ్రేము చూడండి, ఎందుకంటే మిగతా మాటలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. ఒక ఆదివారం గుంపుతో పోవడం మానేసి, సైకిల్‌ను తడిగుడ్డతో తుడిచి, ఎండలో నిలబెట్టండి. హ్యాండిల్ కింద రెండు గొట్టాలు కలిసే అతుకు, పెడళ్ల ఇరుసు దూరే డొల్ల చుట్టూ ఉన్న అతుకులు, సీటు గొట్టం పైకొస, వెనక చక్రం బిగించే చోటు, ఈ నాలుగు చోట్లా వేలిగోరుతో గీరుతూ చూడండి. రంగు మీద వెంట్రుకంత సన్నటి గీత, దాని వెంబడి నల్లటి మడ్డి లేదా తెల్లటి బూజు కనిపిస్తే అది పగులు కావచ్చు. పగులైతే అక్కడితో కథ ముగిసింది. ఇనుప ఫ్రేమైతే వెల్డింగు పెట్టించుకోవచ్చు. అల్యూమినియం ఫ్రేముకు వెల్డింగు తర్వాత సరైన పద్ధతిలో వేడిచేసి గట్టిపరచాలి, అది మామూలు వెల్డింగ్ షాపులో అయ్యే పని కాదు. పగిలిన ఫ్రేమును కొడుకుకు కూడా ఇవ్వకూడదు. అలాగే సీటు గొట్టాన్ని ఒకసారి పూర్తిగా బయటికి లాగండి. ఏళ్ల తరబడి కదపకపోతే చెమటకూ వానకూ అది లోపలే పట్టేసుకుంటుంది. వస్తే తుడిచి గ్రీజు రాసి పెట్టండి. కిర్రు చప్పుళ్లలో కొన్ని ఇక్కడే పోతాయి.

పోకపోతే, సీటు మీంచి లేచి నిలబడి తొక్కండి. చప్పుడు ఆగిందంటే అది సీటుదే. ఆగకపోతే పెడల్ చేతులను, అదే క్రాంకులను, రెంటినీ పట్టుకుని ఫ్రేము వైపుకీ బయటికీ ఊపండి. ఒక చేయే కదిలితే దాని బోల్టు వదులైంది. వెంటనే బిగించండి. వదులుగానే తొక్కితే చతురస్రపు ఇరుసు దూరే రంధ్రం సాగిపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. రెండూ కలిసి కదిలితే మధ్యనున్న బాటమ్ బ్రాకెట్ పోయింది. మీ కాలపు సైకిళ్లలో కొన్నింటికి అది సీలు చేసిన ఒకే ముక్కగా ఉంటుంది, పాతది తీసి కొత్తది బిగిస్తే సరి. కొన్నింటికి విడి చర్రాలుంటాయి, కడిగి గ్రీజు పెట్టి బిగించొచ్చు. ఏదైనా పెద్ద ఖర్చేం కాదు. ఇక్కడ ఒక అనుమానం. కాలువ కట్ట మీద వానాకాలం రేగడి పట్టినప్పుడు బండ్లు కడిగే వాటర్ వాషింగ్ సెంటర్లో పైపు పెట్టించారా? ఆ ఒత్తిడికి నీళ్లు సీళ్లు దాటి లోపలికి పోతాయి, గ్రీజు బయటికి వస్తుంది. సైకిల్‌కు బకెట్టు, మగ్గు, పాత టూత్‌బ్రష్షు చాలు.

ఇక చైను. నిలబడి తొక్కితే జారడం అరుగుదలకు అసలైన లక్షణం, పైగా ప్రమాదం. ఈ ఒక్కటీ వాయిదా వెయ్యొద్దు. పిల్లల స్కేలు ఒకటి తెచ్చి చైను మీద పెట్టండి. సైకిల్ చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం. ఒక పిన్ను నడిమధ్య సున్నా పెడితే 12 అంగుళాల గీత మీద ఇంకో పిన్ను నడిమధ్య సరిగ్గా రావాలి. ఆ పిన్ను గీత దాటి ఒకటిన్నర మిల్లీమీటర్లు ముందుకు పోయి ఉంటే చైను మార్చే సమయం వచ్చింది. మూడు మిల్లీమీటర్లు పోయిందంటే చైను తనతోపాటు ఫ్రీవీల్ పళ్లను కూడా అరగదీసింది. కొత్త చైను ఒక్కటే వేస్తే ఆ అరిగిన పళ్ల మీద ఇంకా ఎక్కువ జారుతుంది, షాపతను మోసం చేశాడని మీరనుకుంటారు. మీరు చెప్పిన తీరు చూస్తే రెండూ కలిపి మార్చాల్సి రావచ్చు.

మార్చేటప్పుడు ఒక చిన్న లాభం కూడా ఉంది. మీ ఫ్రీవీల్‌లో అతి పెద్ద చక్రానికి బహుశా 28 పళ్లుంటాయి, లెక్కపెట్టండి. అదే ఏడు వరసల్లో 34 పళ్ల దాకా ఉన్న ఫ్రీవీళ్లు దొరుకుతాయి. వెనక డీరేలర్, అంటే గేరు మార్చినప్పుడు చైనును జరిపే పరికరం, 34 పళ్లను అందుకోగలదో లేదో మెకానిక్‌తో చూపించుకోండి. పొడుగు చేయి ఉన్న మామూలు షిమానో కంపెనీ టూర్నీ రకం అయితే సాధారణంగా అందుకుంటుంది. కొత్త చైను రెండు మూడు లింకులు పొడుగ్గా కోయించుకోవాలి, అంతే. ముందు పెడళ్ల దగ్గరి చిన్న చక్రం 24 పళ్లు, వెనక 34 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు మీటరున్నర కదులుతుంది. ఎత్తుల మీద కొత్త సైకిళ్ల కింది గేరు కూడా దాదాపు అంతే. మీరు ఎలాగూ పెట్టాల్సిన ఖర్చులోనే ఎత్తు తేలికవుతుంది.

మరి వెనకబడటం? ఇక్కడ గేర్లను అనవసరంగా నిందిస్తున్నారు. మీ సైకిల్‌కు ముందు పెద్ద చక్రం 42 పళ్లు, వెనక చిన్నది 14 అనుకుందాం. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 30 కిలోమీటర్ల దగ్గరికి వెళ్తారు. ధర్మసాగర్ నుంచి తిరిగొస్తూ మీ గుంపు పోయేది 22, 24 అని మీరే రాశారు. అంటే గేరు అయిపోలేదు, ఇంకా మిగిలే ఉంది. 29 చక్రం రాళ్లనూ గుంటలనూ 26 కంటే సులువుగా దాటుతుందన్నది నిజం. ఇనుపరాతి బండల మీద ఆ తేడా మీకూ తెలుస్తుంది. కానీ తారు రోడ్డు మీద మిమ్మల్ని వెనక్కి లాగేది ఎక్కువగా టైరు. బొడిపెలు పెద్దగా ఉన్న పాత టైరు, అందులో సగం గాలి, బిగుసుకున్న బేరింగు, కిందికి దిగిపోయిన షాకబ్జరు, ఇవన్నీ కలిసి ఎంత లాగుతాయో మీ తొడలకే తెలుసు. నడిమధ్య నున్నగా, అంచుల్లో బొడిపెలతో ఉండే టైర్లు రెండు వేయించి, తారు మీద 40 పీఎస్ఐ చుట్టుపక్కల, మొరం మీద 30 దగ్గర పెట్టి చూడండి. మీ బరువును బట్టి కాస్త అటూ ఇటూ. పంపు షాపులో బొటనవేలితో నొక్కి "ఫుల్ అయింది సార్" అనే కొలతతో ఈ పని కాదు. గేజ్ ఉన్న చిన్న పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

టైరు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన దగ్గర మామూలు సైకిళ్లకు కూడా 26 అని టైర్లున్నాయి. కానీ 26 పక్కన 1.95, 2.10 అని దశాంశంలో రాసినది మీ రకం. 1 3/8 అని భిన్నంలో రాసినది వేరే చుట్టుకొలత, మీ రిమ్ముకు ఎక్కదు. టైరు పక్కన సన్నటి అక్షరాల్లో 559 అని ఉందేమో చూడండి, అదే మీది. కొత్త తరం 27.5 చక్రం 584, 29 చక్రం 622. మీ మిత్రుడు మాటల్లో "27.5 చక్రాలే ఎక్కించేద్దాం" అన్నాడని రాశారు. డిస్క్ బ్రేకు కాబట్టి బ్రేకు అడ్డురాదు, కానీ చక్రం చుట్టూ పన్నెండున్నర మిల్లీమీటర్ల చోటు అదనంగా కావాలి. ఫోర్కులోనూ వెనక గొట్టాల మధ్యా ఆ చోటు లేకపోతే టైరు రాసుకుంటుంది. ఉన్నా, రేగడి పట్టిందంటే చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. పైగా సైకిల్ మొత్తం అంత ఎత్తు లేస్తుంది. ఆ మాట వదిలేయండి.

ఇప్పుడు చీటీలోని మిగతా వస్తువులు.

తొమ్మిది గేర్ల సెట్టు. మీ ఫ్రీవీల్ వెనక చక్రం నడిమధ్య ఉండే హబ్బుకు స్క్రూలాగా తిరిగి బిగుసుకునే రకం. తొమ్మిది గేర్ల క్యాసెట్, అంటే హబ్బు మీదికి జొనిపే పళ్ల చక్రాల సెట్టు, దాని మీద ఎక్కదు, హబ్బు మారాలి. హబ్బు అంటే చక్రం మొత్తం. చక్రంతోపాటు క్యాసెట్, చైను, డీరేలర్, చేతి దగ్గరి షిఫ్టరు. ఒకటి పట్టుకుంటే నాలుగు వెంట వస్తాయి. ఇంత చేసినా ఎత్తు మీద మీకు దక్కేది, పైన చెప్పిన 34 పళ్ల ఫ్రీవీల్ ఇచ్చేదానికి దగ్గరగానే ఉంటుంది. అసలు కంటే కొసరు ఎక్కువ అనేది ఇలాంటి బేరాన్నే. అయితే మీ వెనక ఇరుసు వంగిపోయి ఉంటే, చక్రం ఎలాగూ మార్చాల్సి వస్తే, అప్పుడు క్యాసెట్ హబ్బు వేయించడంలో న్యాయం ఉంది. ఫ్రీవీల్ హబ్బులో కుడి బేరింగు లోపలికి ఉండటంతో బయటికి ఉండే ఇరుసు భాగానికి ఆధారం తక్కువ, బరువైనవాళ్లకు అది వంగుతుంటుంది.

హైడ్రాలిక్ బ్రేకులు. ఇవి నిజంగా హాయి. ఒక వేలితో ఆగుతుంది. మీ చేతి తిమ్మిరికి కూడా కొంత ఉపశమనం దొరకొచ్చు. కానీ తర్వాత ఎప్పుడైనా మంచి కొత్త సైకిల్ కొంటే అది వీటితోనే వస్తుంది, అప్పుడు ఈ డబ్బు మీతో రాదు. మీవి ఆగడం లేదని మీరు రాయలేదు, కీచుమంటున్నాయనే రాశారు. కొత్త ప్యాడ్లు, కొత్త వైర్లు, వైర్ల తొడుగులు వేయించి, డిస్కును స్పిరిట్‌తో తుడిపించండి. చైనుకు నూనె కొట్టేటప్పుడు ఆ తుంపర డిస్కు మీద పడితే ప్యాడు చెడి కీచుమంటుంది. డిస్కు మందం కూడా కొలిపించండి. షిమానో డిస్కులు కొత్తగా 1.8 మిల్లీమీటర్లుంటాయి, 1.5కు వస్తే మార్చమని కంపెనీ చెబుతుంది.

ట్యూబ్‌లెస్ సంగతి రెండు ముక్కల్లో. మీ పాత రిమ్ములు దానికోసం చేసినవి కావు, టేపులు చుట్టి ఎక్కించినా నమ్మలేం. మీ బాధ పల్లేరు ముళ్లూ తుమ్మ ముళ్లూ కదా? వాల్వు లోపలి పిన్ను విప్పి ట్యూబులోనే పంక్చరును పూడ్చే సీలెంట్ పోయించుకోండి.

ఫోర్కే అసలు పీటముడి. ముందు బ్రేకు గట్టిగా పట్టి, సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. రెండో చేతి వేళ్లు హ్యాండిల్ కింద, గొట్టం ఫ్రేములోకి దూరే చోట పెట్టండి. అక్కడ టకటక తగిలితే హెడ్‌సెట్టు బేరింగు వదులు, అది చిన్న పని. షాకబ్జరు లోపలి గొట్టం బయటి గొట్టంలోకి దిగే చోట తగిలితే లోపలి బుష్‌లు అరిగాయి. ఇంత పాత స్ప్రింగు ఫోర్కుకు బుష్‌లు దొరికించుకోవడం కంటే వదులుకోవడమే మేలు. ఆట లేకుండా కేవలం బిగుసుకుంటే మాత్రం విప్పించి, కడిగించి, గ్రీజు పెట్టిస్తే మళ్లీ లేచే అవకాశం ఎక్కువ. ముందు ఇది చేయించండి.

లేవకపోతే మీ ముందు రెండు దారులు. మీ ఫ్రేముకు ఫోర్కు మెడ గొట్టం పైనుంచి కింది దాకా ఒకే లావు, 28.6 మిల్లీమీటర్లు. ఇప్పటి మంచి ఫోర్కులు చాలావరకు కింద లావుగా వచ్చే మెడతో, పెద్ద చక్రాల కోసం వస్తున్నాయి. మీ కొలతకు దొరికేవి ఎక్కువగా మళ్లీ అదే బరువైన స్ప్రింగు రకం. అది వేస్తే మీకు దక్కేది 2013 నాటి పరిస్థితి, కొత్త రంగుతో. రెండోది, షాకబ్జరే లేని గట్టి ఫోర్కు. పాతదానంత పొడవున్నది, డిస్క్ బ్రేకు బిగించే చోటున్నది చూసుకుని వేస్తే ముందు భాగం కిలోకు పైగా తేలికవుతుంది, చెడిపోయేదేమీ ఉండదు. కాలువ కట్ట, చెరువు కట్ట, తారు రోడ్లకు అది బ్రహ్మాండం. ఇనుపరాతి దిగుడులో మాత్రం చేతులు బాధపడతాయి. మీరు నెలలో ఎన్ని ఆదివారాలు గుట్టలకు పోతున్నారన్నదే దీన్ని తేల్చాలి. మీ ఉత్తరం చదివితే గుట్టలు అప్పుడప్పుడూ, కట్టలూ రోడ్లూ ఎప్పుడూ అనిపించింది. గుట్టలే మీకు ప్రాణమైతే, ఫోర్కు దగ్గరే ఆగిపోయి ఆ డబ్బును కొత్త సైకిల్ వైపు తిప్పండి.

కొత్తది కొంటే ఏం చూడాలో చెబుతాను, ఎందుకంటే 29 అని పెద్ద అక్షరాలతో స్టిక్కరు అంటించిన ప్రతిదీ మీ పాతదానికన్నా మేలని లేదు. స్ప్రింగు ఫోర్కు, ఏడో ఎనిమిదో వరసల ఫ్రీవీల్, వైరు డిస్కులు ఉన్నాయంటే మీ సైకిల్‌నే పెద్ద చక్రాలతో మళ్లీ కొంటున్నారని అర్థం. దానికి డబ్బు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. గాలి ఒత్తిడితో పనిచేసే ఫోర్కు, హైడ్రాలిక్ బ్రేకులు, క్యాసెట్ హబ్బు ఉంటే అప్పుడు అది నిజంగా వేరే సైకిల్. క్యాసెట్టో ఫ్రీవీలో షాపులోనే తేల్చొచ్చు. వెనక చక్రాన్ని కదలకుండా పట్టుకుని పళ్ల చక్రాలను వెనక్కి తిప్పండి. మధ్యలో, ఇరుసును ఆనుకుని, పనిముట్టు పట్టడానికి గాడులున్న రింగు కనిపిస్తుంది. ఆ రింగు పళ్లతోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా నిలిస్తే ఫ్రీవీల్. షాపతను 45 వేలన్న సైకిల్ ఏదో మీరు రాయలేదు. ఈ మూడూ అందులో లేకపోతే బేరం మాట్లాడే పనే లేదు. ఉంటే, ఆ ధరకు నెలనెలా వాయిదాలు పెట్టుకోవడం మీ జీతం తారీఖులతో ఎలా సర్దుకుంటుందో ఆవిడతో కూర్చుని లెక్క వేయాల్సింది మీరు. వాయిదా తారీఖు మీ జీతం కోసం ఆగదు.

ఇక బామ్మర్ది సైకిల్. ఇది వస్తువు కన్నా మొహమాటం సమస్యని మీరే ఒప్పుకున్నారు. మీ ఎత్తు అయిదడుగుల నాలుగు, ఆయనది దాదాపు ఆరడుగులు అని రాసి, ఆ విషయాన్ని అలాగే వదిలేశారు. నాకు ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. పెద్ద ఫ్రేము మీద సీటు కిందికి దించొచ్చు, హ్యాండిల్ దగ్గరికి తెచ్చే చిన్న స్టెమ్ వేయొచ్చు, కానీ ఫ్రేము పొడవు తగ్గదు. చేతులు చాచి తొక్కాలి, బరువంతా అరచేతుల మీద పడుతుంది. ఇప్పుడు కుడి చేయి తిమ్మిరి అంటున్నారు, అప్పుడు రెండు చేతులూ అంటారు. ఆయన ఫ్రేము మీద ఎంత సైజు అని రాసుందో, ఎస్ ఎం ఎల్ అక్షరాల్లోనైనా అంగుళాల్లోనైనా, ఫోను చేసి అడగండి. ఎల్ అనో 19 అంగుళాలనో వస్తే "బామ్మర్దీ, నాకు పెద్దదైతది" అన్న ఒక్క మాటలో అటు మీ ఆవిడకూ ఇటు ఆయనకూ నొప్పి కలగకుండా విషయం ముగుస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు.

సైజు సరిపోతే మాత్రం దాన్ని తోసిపుచ్చడానికి కారణం లేదు. నాలుగు రోజులు తొక్కిన సైకిల్ 22 వేలకు రావడం మంచి బేరమే కావచ్చు. కానీ తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే. పండక్కి వచ్చినప్పుడు తెమ్మనండి, కాజీపేటలో ఒక మెకానిక్‌కు చూపించండి, ఒక పూట తొక్కండి, ఆ తర్వాతే డబ్బు. రెండేళ్లు ఎండలో నిలబడ్డ సైకిల్‌కు టైర్ల పక్కలు పగిలి ఉండొచ్చు, ఫోర్కు సీళ్లు ఎండిపోయి ఉండొచ్చు. ఆ ఖర్చు ఎంతో ముందే లెక్కగట్టి ధరలో తగ్గించమని అడగండి. ఇప్పుడు అడగడానికి బిడియపడితే ఆర్నెల్ల తర్వాత భోజనాల దగ్గర "మీ తమ్ముడు అంటగట్టిండు" అని మీ నోటి నుంచే వస్తుంది. ఆ మాట ఖరీదు సైకిల్ కన్నా ఎక్కువ.

ఇప్పుడు డబ్బు లెక్క. పైన చెప్పిన అరుగుదల సామాను, అంటే చైను, ఫ్రీవీల్, టైర్లు ట్యూబులు, ప్యాడ్లు, వైర్లు, బాటమ్ బ్రాకెట్, మంచి ఓవరాయిలింగ్, ఇవన్నీ మీ మిత్రుడి చీటీలో మూడో వంతు దాటకూడదు. దాటితే ఏది ఎందుకో విడివిడిగా రాసివ్వమని అడగండి. ఫ్రేము బాగుంటే ఈ ఖర్చు మీరు ఏ దారి పట్టినా వృథా పోదు. ఈ సైకిలే తొక్కుతారా, సరే. ఏడాది తర్వాత కొత్తది కొంటారా, అప్పుడు ఇది మీ అబ్బాయికి సిద్ధంగా ఉంటుంది. మీ ఎత్తుకు కొన్న ఫ్రేము కాబట్టి వాడికి ఇంకో రెండేళ్లలో సరిపోతుంది. 26 వేల చీటీకి ఈ గుణం లేదు. కొత్త సైకిల్ కొన్న రోజు ఆ ఫోర్కూ ఆ చక్రాలూ పాతదాని మీదే ఉండిపోతాయి, పాత సైకిల్ అమ్మబోతే ఎవరూ వాటికి వేరే ధర కట్టరు. అయితే అబ్బాయిని ఒకసారి అడగండి. నాన్న పాత సైకిల్ తొక్కుతాడా, లేక వాడికీ గుంపు ఉందా, ఆ గుంపుకూ ఫొటోలున్నాయా అన్నది నేను హనుమకొండకు దూరంగా కూర్చుని చెప్పలేను.

అవసరమా, మోజా అని అడిగారు. చైను, ఫ్రీవీల్, కిర్రు చప్పుడు అవసరం, ఈ వారమే. ఫోర్కు మధ్యలో ఉంది. 29 చక్రం మోజు. మోజు ఉండటానికి నలభై రెండేళ్లు అడ్డం కాదు, దాన్ని పరీక్షించే మార్గం కూడా సులువే. రిపేరు పూర్తయ్యాక మీ ఎత్తుకు దగ్గరగా ఉన్న మిత్రుడితో ఒక ఆదివారం సైకిళ్లు మార్చుకోండి. అదే దారి, పోను కాలువ కట్ట, రాను తారు రోడ్డు. ఆయన మీదాని మీద ఎలా తొక్కుతున్నాడో కూడా గమనించండి, చాలా సంగతులు అక్కడే బయటపడతాయి. మార్చుకునే ముందు సీటు ఎత్తు సరిచేసుకోండి. మడమ పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి దించితే మోకాలు తిన్నగా రావాలి. అది చేయకుండా తొక్కి ఆయన సైకిల్ బాగుందో బాగాలేదో తేల్చొద్దు. మీ సొంత సీటు కూడా ఈ కొలతకు ఉందో లేదో ఈ సాయంత్రమే చూడండి. అయిదు నిమిషాల పని, సరిపోయే అలెన్ కీ ఉంటే చాలు.